మోటారు కారులో థర్మోస్టాటు

వేడి దేశములో ఇంజనుకు చల్లదనము కావలెను గాని, నీటిని ఆపివైచు మూత దేనికని వాదించి, థర్మోస్టాటును ఊడదీసి పారవేయు మెకానిక్కులు నేటికిని కలరు. రామగుండములోనో, రెంటచింతలలోనో ఎండకు మాడిన వారికి ఈ మాట సబబుగానే తోచును. కాని ఎండ ఎంత ముదిరినను గాలి ఉష్ణోగ్రత 48 డిగ్రీలు దాటుట అరుదు. ఇంజను సరిగా పనిచేయుటకు నీరు 90 డిగ్రీల ప్రాంతమున ఉండవలెను. అనగా రోహిణీకార్తెలో సైతము ఉదయమున స్టార్టు చేసిన ఇంజను చల్లనిదే!

చల్లని సిలిండరులో పెట్రోలు కొంత ఆవిరి కాక, గోడల వెంట జారి నూనెలో కలియును. మంటలో పుట్టిన నీటియావిరి కూడ నూనెలో చేరి తుప్పు పట్టించును. చిక్కని నూనె వలన రాపిడి హెచ్చి పెట్రోలు ఖర్చు పెరుగును. కనుక ఇంజను వేడెక్కువరకు నీటిని రేడియేటరుకు పోనీయక ఆపవలెను. వేడెక్కిన పిదప తగినంతగా వదలవలెను. ఈ పనిని కరెంటు లేకుండ, మనిషి చేయి లేకుండ చేయునది థర్మోస్టాటు.

దీనిలోని రహస్యమంతయు మైనమే. కరగించి గిన్నెలో పోసిన కొవ్వొత్తి మైనము గడ్డకట్టునప్పుడు నడుమ గుంటపడుట విద్యార్థులు చూచియుందురు. గడ్డకట్టునప్పుడు కుదించుకొను మైనము కరగునప్పుడు వ్యాకోచింపక తప్పదు. (నీటి తీరు ఇందుకు విరుద్ధము, అది మంచుగా మారునప్పుడే పెరుగును.) థర్మోస్టాటులోని చిన్న లోహపు గిన్నెలో ఇట్టి మైనమును, వేడి త్వరగా అందుటకు రాగిపొడితో కలిపి, దట్టించి మూసియుంతురు. సుమారు 82 డిగ్రీల వద్ద మైనము కరగ నారంభించి ఒక సన్నని కడ్డీని వెలుపలికి నెట్టును. కడ్డీ కొన చట్రమునకు ఆనియుండుటచే గిన్నెయే వెనుకకు జరిగి, తనతోబాటు కవాటమును తెరచును. నీరు చల్లారినచో స్ప్రింగు దానిని మరల మూసివైచును. 1930 తరువాతి దశకములో సెర్జియస్ వెర్నెట్ ఈ పద్ధతిని రూపొందించెను. అంతకు పూర్వము వాడిన, త్వరగా ఆవిరియగు ద్రవము నింపిన తిత్తులు నీటి పీడనమునకు లోబడి తప్పు చేసెడివి. మైనము పీడనమును లెక్కచేయదు.

ఇక థర్మోస్టాటును తీసివేసిన ఏమగును? చాల ఇంజనులలో నీరు రేడియేటరుకు పోకుండ లోలోపలనే తిరుగుటకు ఒక అడ్డదారి కలదు. కొన్నింట, పెద్ద ద్వారము తెరచుకొనుకొలది థర్మోస్టాటు అడుగునగల రెండవ బిళ్ల ఈ దారిని మూయును. బిళ్ల లేనిచో అడ్డదారి ఎల్లప్పుడును తెరచియే యుండి, కాగిన నీటిలో కొంత రేడియేటరు ముఖము చూడకయే ఇంజనుకు మరలును. చల్లదనము కొరకు చేసిన పనియే ఘాటురోడ్డు ఎక్కునప్పుడు ఇంజనును ఉడికించును.

థర్మోస్టాటు మూతపడి బిగిసినచో ఉష్ణమాపకపు ముల్లు ఎర్రగీతకు చేరును. రేడియేటరు మాత్రము చల్లగా ఉండును. తెరచియుండగా బిగిసినచో ఎంత దూరము నడిపినను ముల్లు పైకి లేవదు. అనుమానమున్నచో పాఠశాల ప్రయోగశాలలోనే పరీక్షింపవచ్చును. థర్మోస్టాటును దారముతో బీకరులోని నీటిలో, అడుగు తగులకుండ వ్రేలాడదీసి, ప్రక్కన థర్మామీటరు నుంచి మెల్లగా వేడిచేయవలెను. దానిపై ముద్రించిన అంకె వద్ద కవాటము కదలవలెను. మరి పది, పదునైదు డిగ్రీలకు పూర్తిగా తెరచుకొనవలెను. కదలనిచో మరమ్మతు లేదు, మార్చుటయే.

మార్చుటకు ముందు ఇంజను పూర్తిగా చల్లారవలెను. పీడనముతో మూసిన నీరు 100 డిగ్రీలు దాటియు మరగకుండును; వేడిమీద మూత తిప్పిన మరుక్షణమే మరిగి ముఖముపైకి చిమ్మును. కూలెంటు కొంత దించి, మూత బోల్టులు విప్పి, పాత గాస్కెట్టును గీకివేయవలెను. అదే అంకెగల క్రొత్త థర్మోస్టాటును మైనపు గిన్నె ఇంజను వైపునకు ఉండునట్లు, గాలి పోవు చిన్న రంధ్రము పైకి వచ్చునట్లు అమర్చవలెను. తిరుగవేసి అమర్చుట అనుభవజ్ఞులు కూడ చేయు పొరపాటే. తరువాత కొళాయినీరు గాక కారుకు తగిన కూలెంటు పోసి, లోపల చిక్కిన గాలిని వెడలగొట్టి, ఇంజనును నడుపవలెను. థర్మోస్టాటు నుండి రేడియేటరుకు పోవు గొట్టము మొదట చల్లగా ఉండి, కొన్ని నిమిషములకు ఒక్కసారిగా వేడెక్కినచో మైనము కరగినదన్నమాట.