‘మిస్టేక్’ని ఎక్కడ విరవాలి?

మొన్న వికారాబాద్ స్టేషన్‌లో తాండూరు బండి కోసం చూస్తుంటే ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మిస్టేక్ అంటే మిస్ ప్లస్ టేక్ కదా? ‘మిస్’ని నొక్కి చెప్తే ఇంటర్వ్యూల మళ్ళీ చెప్పమన్నరు, ఎందుకు?"

నా ఫస్ట్ ఇంటర్వ్యూలోనూ ఇదే అయింది.

‘మిస్’ ప్రిఫిక్సే. కానీ ఇంగ్లీషోళ్ళు ఆ అతుకును ఎప్పుడో మర్చిపోయిండ్రు. అందుకే ‘స్’ పక్క సిలబుల్‌లోకి జరిగింది: మి-స్టేక్. బరువు ‘స్టేక్’ మీద. అదే ‘మిస్‌టైమ్’ చూడండి, అంటే తప్పు టైముకి చేయడం. ఇందులో అతుకు ఇంకా గుర్తుంది: మిస్-ఠైమ్. అసలు బరువు ‘ఠైమ్’ మీద, ‘మిస్’ మీద కొంచెం.

‘ఠ’ ఎందుకంటే, నొక్కి పలికే సిలబుల్ ‘ట’తో మొదలైతే వాళ్ళ నోట్లోంచి గాలి వస్తది. అదే సిలబుల్‌లో ముందు ‘స్’ ఉంటే రాదు. నోటి ముందు పల్చటి కాగితం పెట్టుకోండి. ‘ఠైమ్’కి ఊగాలి, ‘స్టేక్’కి ఊగొద్దు.

ఈ తేడాకి ఇంగ్లీషులో ఒక్కటే అక్షరం, మనకు రెండున్నయి. తెలుగు మీడియం అని తల దించుకోవద్దు తమ్మీ.

ఇగ మీ వంతు: ‘డిస్టర్బ్’, ‘డిస్‌టేస్ట్’. దేనికి కాగితం ఊగాలి?