ఉంగటం తెగిందా, అతుకు విడిచిందా?

సుబేదారిలో కలెక్టరేట్‌కు పోయే రోడ్డు పక్కన గొడుగు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పోయిన నెల నా బూట్లు తీసుకుపోయాను. "సోలు పోయింది పెద్దాయనా, కొత్తది వెయ్యాలె" అన్నాను. ఆయన బూటు తిరగేసి, అంచులో గోరు పెట్టి లాగి చూశాడు. "సోలు మంచిగనే ఉంది సార్. అతుకు ఇడిసింది, అంతే. ఊకె పైసలెందుకు పెడ్తరు?" అన్నాడు. అంటించి, చుట్టూ కుట్టు వేసి ఇచ్చాడు.

రోజంతా మనల్ని మోసే వస్తువులో ఏ భాగం ఏదో తెలియకపోతే కొనేటప్పుడూ నష్టపోతాం, బాగుచేయించేటప్పుడూ నష్టపోతాం.

ముందు మన తోలు చెప్పు సంగతి. అడుగున ఉండేది అట్ట. పాదం మీదుగా పోయేది వారు. బొటనవేలు దూర్చే తోలు చుట్టు ఉంగటం. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా చెప్పును లాక్కుపోయేది ఆ వేలే కాబట్టి, ఎక్కువగా తెగేది ఉంగటమే. తోలుకు బెజ్జం పొడిచే పనిముట్టు ఆరె, తోలు కోసేది రంపె. పచ్చితోలును తంగేడు చెక్క నీళ్లలో నానబెట్టే తొట్టి లంద. బతుకమ్మలో పేర్చే పువ్వు ఆ తంగేడుదే. దాని చెక్కలోని వగరు తోలును కుళ్లనివ్వదు. ఈ మాటలను తరతరాలుగా నిలబెట్టింది మాదిగలు. వాళ్లు కుట్టిన చెప్పులు తొడుక్కుని వాళ్లను ఊరి బయట ఉంచిన సమాజం, వాళ్ల మాటలనూ బయటే ఉంచింది. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఇక బూటు. పాదాన్ని కప్పే తొడుగు అంతా కలిపి అప్పర్. వేళ్ల మీది ముందుభాగం వ్యాంప్, లేసుల కింద ఉండేది నాలుక. మడమను వెనక నుంచి పట్టుకునే గట్టి భాగం కౌంటర్. దుకాణంలో దాన్ని బొటనవేలితో నొక్కి చూడండి. అట్టముక్కలా నలిగిపోతే ఆ బూటులో మడమ కుదురుగా నిలవదు. తర్వాత బూటును రెండు చేతులతో వంచండి. వేళ్లు మడిచే చోట వంగాలి, నడిమధ్యలో విరిగినట్టు వంగకూడదు. పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నడిచేవాళ్ల బూట్లలో అడుగు అట్టకూ పాదానికీ మధ్య మందపాటి నురుగు పొర ఉంటుంది. అది మిడ్‌సోల్. పైకి కొత్తగానే కనిపించినా, లోపల అది అణిగిపోతే బూటు పని అయిపోయినట్టే.

ఆఫీసు బూట్లలో ఆక్స్‌ఫర్డ్, డెర్బీ అని రెండు రకాలు. లేసులు కట్టే రెండు రెక్కలూ వ్యాంప్ కిందికి పోయి కుట్టి ఉంటే ఆక్స్‌ఫర్డ్. వ్యాంప్ మీద విడిగా తెరుచుకుంటే డెర్బీ. నా మాట వింటే డెర్బీ కొనండి, వెడల్పు పాదానికి అది సర్దుకుంటుంది. మనవి వెడల్పు పాదాలని ఊరికే అనడం లేదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతటా లక్ష మందికి పైగా పాదాలను 3డీ స్కానర్లతో కొలిపించింది. మన పాదాలు సాధారణంగా వెడల్పని తేలింది. అందుకే 'భా' పేరుతో మనకంటూ ఒక సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. ఇప్పుడు మనం అడిగే 7, 8 నంబర్లు ఇంగ్లండువి. ఒక్కో నంబరుకు పొడవు అంగుళంలో మూడో వంతు పెరుగుతుంది. వెడల్పు ఊసే ఉండదు. బిగుతుగా ఉందని ఒక నంబరు పెద్దది తీసుకుంటే వెడల్పు కొంచెమే పెరుగుతుంది, మడమ మాత్రం జారుతుంది.

షుగరుతో పాదాల స్పర్శ తగ్గినవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డాక్టర్లు రాసే ఎంసీఆర్ చెప్పుల్లో ఉండేది సన్నని గాలి గదులున్న మెత్తటి రబ్బరు. వెల్లూరులో కుష్ఠు రోగుల పాదాలు కాపాడడానికి డాక్టర్ పాల్ బ్రాండ్ వాడకంలోకి తెచ్చినది అదే. అలాంటివాళ్లకు ఉంగటం చెప్పు వద్దు, హవాయి చెప్పూ వద్దు. కాలి నుంచి చెప్పు ఎప్పుడు జారిపోయిందో వాళ్లకు తెలియదు. మడమ వెనక పట్టీ ఉన్నదే అడగండి.