పాసైందని తెలిసింది, లోపల ఏముంది?

2014 ఫిబ్రవరి 18. మధ్యాహ్నం మూడు దాటింది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చిన వేళ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. తెలంగాణ కోసం దశాబ్దాలుగా కొట్లాడిన ముచ్చట తేలిపోయే గంట అది. ఆదిలాబాద్ నుంచి ఆలంపూర్ దాకా టీవీల ముందు కూర్చున్నవాళ్లకు సభ కనబడలేదు, వినబడలేదు. ప్రెస్ గ్యాలరీలోని విలేకరులు బయటికి అందించిన ముక్కలే స్క్రోలింగులయ్యాయి. సాయంత్రానికి మూజువాణి ఓటుతో బిల్లు పాసైందన్న కబురొచ్చింది. ప్రసారం ఎందుకు ఆగిందని అడిగితే సాంకేతిక లోపం అన్నారు. ఆ జవాబును నమ్మనివాళ్లు ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

అంతకు అయిదు రోజుల ముందు, బిల్లు ప్రవేశపెట్టిన నాడు, విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు. ఆ దృశ్యం మాత్రం ఊరూరా అందరూ చూశారు. పార్లమెంటు నుంచి మన దాకా గలాటా రావడమూ, అసలు సంగతి ఆగిపోవడమూ కొత్త కాదు.

గోదావరి ఒడ్డున ఉన్న లక్సెట్టిపేటనే తీసుకుందాం. అప్పుడది ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 2016 నుంచి మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. ఒకప్పుడు ఈ ఊరి పేరు మీదే అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. 2009 ఎన్నికల నాటికి నియోజకవర్గాల పునర్విభజనలో ఆ పేరు పోయి మంచిర్యాల అయింది. లోక్‌సభకు మాత్రం పెద్దపల్లి. బిల్లు పాసైన రోజు అక్కడి ఎంపీ గడ్డం వివేక్. రాష్ట్రం వచ్చిందన్న సంగతి ఈ ఊరికి ఆ సాయంత్రమే తెలిసింది. 108 సెక్షన్లు, 13 షెడ్యూళ్లతో వచ్చిన ఆ చట్టంలో ఈ ఒడ్డుకు సంబంధించింది ఏముందో తెలియడానికి ఏళ్లు పట్టింది.

ఏముందంటే చాలానే ఉంది. సెక్షన్ 85 గోదావరి నదీ యాజమాన్య మండలిని పెట్టి, దాని కేంద్ర కార్యాలయం తెలంగాణలో ఉండాలంది. పన్నెండో షెడ్యూలు సింగరేణి వాటాలు చెప్పింది: తెలంగాణకు 51 శాతం, కేంద్రానికి 49 శాతం. మంచిర్యాల పక్క బొగ్గుబావుల్లో పనిచేసే కుటుంబాలకు ఇంతకన్నా ముఖ్యమైన వాక్యం ఆ చట్టంలో మరొకటి లేదేమో. పదమూడో షెడ్యూలులో ఎన్‌టీపీసీ తెలంగాణలో 4000 మెగావాట్ల విద్యుత్ కేంద్రం కట్టాలని ఉంది. అదే నదికి అవతల రామగుండంలో తలపెట్టిన ప్లాంటు. దాని తొలి 800 మెగావాట్ల యూనిట్‌ను 2023 అక్టోబరులో ప్రధాని నిజామాబాద్ నుంచి, రెండో యూనిట్‌ను 2024 మార్చిలో ఆదిలాబాద్ నుంచి జాతికి అంకితం చేశారు. రెండూ కలిపితే 1600.

అదే షెడ్యూలులో ఖమ్మం జిల్లా ఉక్కు కర్మాగారం, తెలంగాణలో రైల్ కోచ్ ఫ్యాక్టరీ ప్రస్తావనలు కూడా ఉన్నాయి. కానీ అక్కడ చట్టం కట్టాలని అనలేదు, సాధ్యాసాధ్యాలు పరిశీలించాలని మాత్రమే అంది. బయ్యారంలో వస్తుందన్న ఆ ఉక్కు కర్మాగారం గురించి ఎన్ని ఎన్నికల సభల్లో ఎంతమంది ఎన్ని మాటలు అన్నారో లెక్కలేదు. ఆ ఒక్క వాక్యం అందరి చేతుల్లో ఉండి ఉంటే ఆ మాటల్లో సగం చెల్లేవి కావు.

ఆంధ్ర వైపు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఒక ప్రకటన చేస్తూ ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. సభలో చెప్పారు, రికార్డుల్లోకి ఎక్కింది. మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం పొంది గెజిట్‌లో అచ్చయిన చట్టంలో మాత్రం ఆ హోదా లేదు. సభలో పలికిన హామీ వేరు, చట్టంలో రాసిన సెక్షన్ వేరు. ఆ తేడా జనానికి అర్థమయ్యేసరికి ఒక ప్రభుత్వం పోయి ఇంకొకటి వచ్చింది, ధర్నాలు, బంద్‌లు నడిచాయి.

సభలో జరిగింది బయటికి చెప్పే హక్కు కూడా పత్రికలకు ఊరికే రాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఎంపీకి సభలో ఏమన్నా రక్షణ ఉండేది. ఆ మాటనే అచ్చేసిన పత్రిక మీద పరువునష్టం దావా వేయొచ్చు. రాయ్‌బరేలీ ఎంపీ ఫిరోజ్ గాంధీ ఒక ప్రైవేటు మెంబరు బిల్లు తెచ్చి 1956లో దాన్ని చట్టం చేయించారు. దురుద్దేశం లేకుండా సభా కార్యక్రమాలను ఉన్నదున్నట్టు ప్రచురిస్తే కేసు పెట్టకూడదని దాని సారాంశం. ఆ మరుసటి ఏడాది, 1957లో, ఆయనే జీవిత బీమా సంస్థ నిధుల వ్యవహారంలో ముంద్రా కుంభకోణాన్ని సభలో బయటపెట్టారు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేయాల్సి వచ్చింది. ఎమర్జెన్సీలో, 1976లో, ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. భర్త తెచ్చిన చట్టాన్ని భార్య ప్రభుత్వం తీసేసిందని అప్పట్లో గుసగుసలాడుకోనివాళ్లు ఉండరు. 1977లో జనతా ప్రభుత్వం దాన్ని తిరిగి తెచ్చింది. ఆపై 44వ సవరణతో రాజ్యాంగంలో 361ఎ అధికరణంగా చేరింది కాబట్టి ఇప్పుడు మామూలు చట్టంతో తీసేయడం కుదరదు.

టీవీ తర్వాత వచ్చింది. 1989 డిసెంబరులో రాష్ట్రపతి ప్రసంగంతో మొదలై, 2006లో లోక్‌సభకు సొంత చానల్ దాకా చేరింది. 2021లో రెండు సభల చానళ్లు కలిసి సంసద్ టీవీ అయ్యాయి. అయినా మీట నొక్కే చెయ్యి సభ వైపే ఉంటుంది. 2020 సెప్టెంబరు 20న వ్యవసాయ బిల్లులు రాజ్యసభలో మూజువాణి ఓటుతో పాసవుతున్నప్పుడు గందరగోళంలో టీవీకి శబ్దం ఆగిపోయింది.

ఇక చట్టం అచ్చయ్యాక సంగతి. నిజాం జమానాలో సర్కారు హుకుంలు జరీదాలో ఉర్దూలో వచ్చేవి. ఊళ్లోకి చేరేది డప్పు చాటింపే. జైపూర్ సంస్థానంలో అదీ లేకుండా 1923లో మంత్రులు నల్లమందు చట్టం ఒకటి తీర్మానించి ఊరుకున్నారు. ఎక్కడా ప్రకటించలేదు. ఏళ్ల తర్వాత ఆ చట్టం కింద హర్లా అనే వ్యక్తికి 50 రూపాయల జరిమానా పడింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జనానికి తెలియజేయని చట్టం చట్టమే కాదని 1951లో కోర్టు తేల్చింది. చట్టం తెలియదనడం సాకు కాదని మనల్ని బెదిరించే సూత్రానికి ఇది రెండో వైపు. ముందు తెలియజేయాల్సిన బాధ్యత సర్కారుదే.

ఇప్పుడు గెజిట్ కాగితమ్మీద కూడా రాదు. 2015 అక్టోబరు నుంచి కేంద్ర గెజిట్ అచ్చు ఆపేసి ఇంటర్నెట్‌లోనే పెడుతున్నారు. లక్సెట్టిపేటలో ఫోన్ ఉన్న ఎవరైనా అదే రాత్రి దించుకోవచ్చు. కానీ అది ఉండేది హిందీలో, ఇంగ్లిషులో. ప్రాంతీయ భాషల్లో సాధికార పాఠాలు ఇవ్వడానికి 1973లోనే చట్టం చేశారు. ఎంతలోగా ఇవ్వాలన్న గడువు మాత్రం అందులో పెట్టలేదు.

చట్టం ఎప్పుడు అమల్లోకి వచ్చిందో తెలియకపోతే ఏమవుతుందో తెలంగాణ రైతులకు 2020లో అనుభవానికి వచ్చింది. దీన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. తెల్లకాగితం మీద భూమి కొని, రిజిస్ట్రేషన్ లేకుండా తరతరాలుగా సాగు చేసుకుంటున్నవాళ్లు పల్లెల్లో లక్షల్లో ఉన్నారు. వాటినే సాదాబైనామాలంటాం. వాటిని క్రమబద్ధం చేస్తామని ప్రభుత్వం 2020 అక్టోబరులో దరఖాస్తులు పిలిచింది. జనం మీసేవల ముందు వరస కట్టారు. ఈలోగా సెప్టెంబరు 9న అసెంబ్లీలో పెట్టి 11న పాస్ చేసిన కొత్త భూమి హక్కుల చట్టం అక్టోబరు 29న, భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలైన రోజే, అమల్లోకి వచ్చింది. పాత 1971 చట్టం పోయింది. సాదాబైనామాలను క్రమబద్ధం చేసే అధికారం ఉన్నది ఆ పాత చట్టంలో, కొత్తదాంట్లో లేదు. దరఖాస్తుల గడువును మాత్రం నవంబరు 10 దాకా సాగదీశారు.

ఎవరో హైకోర్టుకు వెళ్లారు. కొత్త చట్టం వచ్చాక అందిన దరఖాస్తుల్ని పరిశీలించవద్దని కోర్టు ఆపింది. 29వ తేదీకి ముందు వచ్చినవి రెండు లక్షల పైచిలుకు, తర్వాత వచ్చినవి ఆరు లక్షల పైచిలుకు. అంటే ఎక్కువమంది లేని సెక్షన్ కింద దరఖాస్తు పెట్టుకున్నారు. తప్పు వాళ్లది కాదు, తీసుకున్న కౌంటరు సర్కారుదే. రెండు రోజుల్లో పాసైన బిల్లులో ఏమి మిగిలింది, ఏమి రాలిపోయింది అని నింపాదిగా చదివి చెప్పే తీరిక ఆ రోజు ఎవరికీ దొరకలేదు.

తర్వాత వచ్చిన ప్రభుత్వం దారి మార్చింది. 2024 ఆగస్టులో కొత్త ముసాయిదాను వెబ్‌సైట్‌లో పెట్టి సలహాలు అడిగింది. డిసెంబరులో భూభారతి బిల్లు పాసైంది. 2025 ఏప్రిల్ 14న అమలు మొదలుపెట్టి మండలాల్లో అవగాహన సదస్సులు నడిపింది. 2020 అక్టోబరు 12కూ నవంబరు 10కీ మధ్య పెట్టుకున్న సాదాబైనామా దరఖాస్తులకు ఇందులో చోటిచ్చారు. సదస్సులతో సమస్యలన్నీ తీరవు. రైతుకు సెక్షన్ పేరు చెప్పి అడగడం వచ్చింది, అది చిన్న లాభం కాదు.

కేంద్రం కూడా 2014 ఫిబ్రవరిలోనే, తెలంగాణ బిల్లు నడుస్తున్న అదే నెలలో, ఒక పద్ధతి రాసుకుంది. బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలన్నది దాని మాట. పద్ధతే తప్ప చట్టం కాదు కాబట్టి పాటించకపోతే అడిగేవాళ్లు లేరు. బిల్లుల్ని స్థాయీ సంఘాలకు పంపే అలవాటు కూడా సన్నగిల్లింది. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు సంఘాలకు వెళ్తే, 17వ లోక్‌సభలో 16 శాతమే వెళ్లాయి. మూడు కొత్త నేర చట్టాలు సంఘానికి వెళ్లాయి నిజమే. కానీ 2023 డిసెంబరులో అవి పాసైనప్పుడు రెండు సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష ఎంపీలు సస్పెన్షన్‌లో ఉన్నారు. 2024 జూలై 1న అవి అమల్లోకి వచ్చిన రోజు దేశమంతా పోలీస్ స్టేషన్లలో అవగాహన సభలు పెట్టారు. మోసం కేసు 420 నుంచి 318కి మారిందని అక్కడ చెప్పారు. చట్టం చేశాక చెప్పడం మన ప్రభుత్వాలకు బాగానే వచ్చు. చేసేటప్పుడు చెప్పడమే రాదు.

సంఘం అడిగితే జనం పలకరనడం మాత్రం అబద్ధం. 2024లో వక్ఫ్ సవరణ బిల్లు మీద సంయుక్త సంఘం పత్రికల్లో ప్రకటన ఇస్తే దాదాపు 97 లక్షల వినతులు వచ్చాయి.

ఎంపీ ప్రశ్నలు ఇంకో దారి. లోక్‌సభలో ఒక రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేనివి తీసుకుంటారు. గుర్తు లేనివాటికి మంత్రి రాతపూర్వకంగా జవాబిస్తారు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. జవాబులు పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఎంపీ పేరుతో వెతికితే దొరుకుతాయి. పెద్దపల్లి నుంచి 2014లో బాల్క సుమన్, 2019లో వెంకటేశ్ నేత, 2024లో గడ్డం వంశీకృష్ణ గెలిచారు. ముగ్గురూ ఏమడిగారో, ఏ జవాబు వచ్చిందో చూసుకోవచ్చు. రామగుండంలో ఇంకా రావాల్సిన 2400 మెగావాట్ల సంగతి ఎక్కడి దాకా వచ్చిందని లక్సెట్టిపేట నుంచి ఎవరైనా ఒక కాగితం రాసి ఎంపీ ఆఫీసులో ఇస్తే, దాన్ని ప్రశ్నగా మార్చడానికి ఆయనకు కావాల్సింది ఒక నోటీసు ఫారం.