అమెరికా గొడవకి వైజాగ్‌లో తుపాకులు ఎందుకు పేలాయి?

ఈరోజు ఒక తేదీతో మొదలుపెడదాం. 1780 అక్టోబర్ 3, విశాఖపట్నం. ఈస్టిండియా కంపెనీ తన సిపాయిల్ని ఓడ ఎక్కి మద్రాసు వెళ్లమంది. వాళ్లు "ఎక్కం" అన్నారు. తుపాకులు పేలాయి. కొందరు ఇంగ్లిష్ ఆఫీసర్లు చనిపోయారు. 1857 తిరుగుబాటుకి ఇంకా 77 ఏళ్లుంది. ఇది ఎందుకు జరిగిందో వెనక్కి వెతుక్కుంటూ పోతే, ఒక దారి అమెరికా దాకా వెళ్తుంది. ఎలాగో చూద్దాం.

అప్పట్లో అమెరికాలో 13 బ్రిటిష్ కాలనీలు తిరగబడ్డాయి. లండన్ పార్లమెంటులో వాళ్లకి ఒక్క సీటు కూడా లేదు, పన్నులు మాత్రం అక్కడి నుంచే పడేవి. 1775 ఏప్రిల్‌లో కాల్పులు మొదలయ్యాయి. 1776 జూలై 4న స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. ఇక్కడిదాకా ఇది ఒక రాజుకీ ఆయన ప్రజలకీ మధ్య గొడవే.

మరి బయటివాళ్లు ఎప్పుడు దిగారు? ఫ్రాన్స్ 1763లో బ్రిటన్ చేతిలో ఓడి కెనడాని పోగొట్టుకుంది. పగ అలాగే ఉంది. కానీ మొదట్లో చాటుగా ఆయుధాలు పంపిందే తప్ప బయటపడలేదు. ఓడిపోయేలా ఉన్నవాడి మీద డబ్బు ఎవరు పెడతారు చెప్పండి? 1777 అక్టోబర్‌లో సరటోగా దగ్గర జనరల్ బర్గోయిన్ సైన్యం అమెరికన్లకి లొంగిపోయింది. లెక్క మారింది. 1778 ఫిబ్రవరి 6న ఫ్రాన్స్ అమెరికాతో ఒప్పందం చేసుకుంది. 1779లో జిబ్రాల్టర్ మీద కన్నేసి స్పెయిన్ దిగింది. 1780 చివర్లో డచ్‌వాళ్ల వ్యాపారం ఆపడానికి బ్రిటనే వాళ్ల మీద యుద్ధం ప్రకటించింది.

ఒకటి గమనించండి. ఫ్రాన్స్, స్పెయిన్ రెండింటికీ రాజులున్నారు, సొంత కాలనీలున్నాయి. వాళ్లు వచ్చింది ఎవరి స్వేచ్ఛ కోసమో కాదు, బ్రిటన్‌ని దెబ్బకొట్టడానికి. బ్రిటన్ నేవీని ఒక సర్వర్ అనుకోండి. లోడ్ ఒక్కచోటే ఉంటే తట్టుకుంటుంది. అమెరికా, కరీబియన్, జిబ్రాల్టర్, ఇండియా అన్నీ ఒకేసారి మీద పడితే?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఫ్రాన్స్‌తో యుద్ధం అనగానే కంపెనీ 1778 అక్టోబర్‌లో పుదుచ్చేరినీ, 1779 మార్చిలో మాహేనీ తీసేసుకుంది. మైసూరు హైదర్ అలీకి ఫ్రెంచ్ ఆయుధాలు వచ్చేది మాహే రేవు నుంచే. పైగా ఆయనకి పాత కోపం ఉంది. 1769 ఒప్పందంలో సాయం చేస్తామన్న కంపెనీ, మరాఠాలు మీద పడినప్పుడు చెయ్యలేదు. అదే 1779లో మన గుంటూరు కూడా కథలోకొచ్చింది. గుంటూరు అప్పుడు నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ చేతిలో ఉంది, ఆయన కొలువులో ఫ్రెంచ్ సైనికులున్నారు. కంపెనీ నిజాంని అడక్కుండా ఆయనతో ఒప్పందం చేసుకుని, వాళ్లని పంపించేయించి, గుంటూరు తీసుకుంది. దాంతో నిజాం కూడా ఎదురు తిరిగి హైదర్, మరాఠాల వైపు చేరాడు.

1780 జూలైలో హైదర్ ఆర్కాటు ప్రాంతం మీద పడ్డాడు. సెప్టెంబర్ 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో కర్నల్ బెయిలీ సైన్యాన్ని తుడిచిపెట్టేశాడు. మద్రాసు వణికిపోయింది. ఎక్కడున్న సిపాయిల్ని అక్కడి నుంచి రప్పించడం మొదలుపెట్టింది. అలా, పొల్లిలూరు జరిగిన 23 రోజులకి, వైజాగ్ రేవులో ఆ ఓడ.

1781 అక్టోబర్‌లో యార్క్‌టౌన్ దగ్గర ఫ్రెంచ్ నౌకలు సముద్రం దారి మూసేస్తే జనరల్ కార్న్‌వాలిస్ లొంగిపోయాడు. అమెరికా గెలిచింది. 1783 జనవరిలో యూరప్‌లో సంధి సంతకాలు కూడా అయ్యాయి. కానీ ఆ కబురు ఓడల మీద రావాలి కదా! జూన్‌లో కడలూరు దగ్గర ఇంగ్లిష్, ఫ్రెంచ్ సైన్యాలు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. అయిపోయిన యుద్ధంలో మనుషులు చచ్చిపోయారు.

అక్కడ ఓడిన కార్న్‌వాలిస్ 1786లో గవర్నర్ జనరల్‌గా ఇక్కడికొచ్చాడు. అమెరికాకి దేశం దక్కింది. మనకి ఆయన దక్కాడు.

అందుకే ఏదైనా యుద్ధంలోకి కొత్త దేశం దిగిందని ఫోన్‌లో నోటిఫికేషన్ వస్తే నేను రెండు ప్రశ్నలు వేసుకుంటాను. వీళ్ల లెక్కేంటి? ఓడ ఎక్కమని ఎవరికి చెప్తున్నారు? వైజాగ్ సిపాయిలు ఎక్కమని చెప్పించుకున్నవాళ్లు. వాళ్లని ఎవరూ ఏమీ అడగలేదు.

మీరేమంటారో కామెంట్స్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.