మోటారు సైకిలును నిలుపుట

హైదరాబాదు పాతనగరమునకు నడిబొడ్డు చార్మినారు. 1591వ సంవత్సరమున మహమ్మదు కులీ కుతుబ్‌షా దీనిని కట్టించెను. దీనికి పడమట లక్క గాజులకు పేరొందిన లాడ్ బజారు కలదు. ఉత్తరమున పత్తర్‌గట్టీ రాతి దుకాణములు బారులు తీరియున్నవి. పూర్వము పల్లకీలును, గుర్రములును, ఎడ్లబండ్లును సాగిన లాడ్ బజారు దారిలో నేడు మోటారు సైకిళ్ళు క్రిక్కిరిసి తిరుగుచున్నవి. రంజాను మాసపు రాత్రులలో నచట కాలు మోపుటకైనను చోటు దొరకదు.

ఇట్టి చోట బండిని నడుపుట యెంత ముఖ్యమో, నిలుపుట యంత ముఖ్యము. బండిని నిలుపుటకు రెండు విధములైన స్టాండులు కలవు. ప్రక్క స్టాండుపై నిలిపిన బండి ఎడమవైపునకు ఒరగి యుండును. దాని కెక్కువ వెడల్పు కావలయును. సెంటర్ స్టాండుపై నిలిపిన బండి రెండు కాళ్ళపై నిటారుగా నిలుచును. దానికి కొద్దిపాటి చోటు చాలును. జనులు దీనినే డబుల్ స్టాండు అనియు అందురు. సరిగా నిలుపని బండి యొకటి పడినచో ప్రక్కబండిని పడద్రోయును. అది మరియొక దానిని పడద్రోయును. ఆ క్షణమున నా ప్రక్కనుండి పోవు పసిబిడ్డ పాదము నలిగినచో దానికి బాధ్యులెవరు?

అయినను పెక్కుమంది సెంటర్ స్టాండు జోలికి పోరు. ఆ పనికి గొప్ప బలము కావలయునని వారి భయము. 1955లో మదరాసు నగరమున స్థాపింపబడిన ఎన్ఫీల్డు ఇండియా కంపెనీ ద్వారా మన దేశమున వ్యాపించిన బుల్లెట్టు బండినే చూడుడు. నేటి బుల్లెట్టు బరువు 190 కిలోలకు పైమాటే. దాని నొక్కడు చేతులతో ఎత్తజాలడు. కాని సన్నని మనిషి యైనను దానిని స్టాండుపై నిలుపగలడు. ఇది యెట్లు సాధ్యము?

బండరాతి క్రింద గడ్డపార దూర్చి, చిన్న రాయిని ఆధారముగా నుంచి, రెండవ కొనను నొక్కినచో బండ కదలును. ఇట్టి సాధనమును తులాదండమందురు. బావినుండి నీరు తోడు ఏతమును తులాదండమే. సెంటర్ స్టాండు కూడ అట్టిదే. దాని పైభాగము బండి చట్రమునకు తిరుగునట్లు బిగింపబడి యుండును. ఎడమ ప్రక్కను కాలితో త్రొక్కుట కొక ఇనుప కొమ్మ యుండును. స్టాండు పాదములు రెండును నేలను తాకినంతనే అవియే ఆధారమగును. కొమ్మను త్రొక్కగా స్టాండు ఆ పాదములపై తిరిగి, బండిని పైకిని వెనుకకును లేపును. స్టాండు నిట్టనిలువు స్థితిని దాటి బండి కొంచెము వెనుకకు పోగనే ఒక అడ్డు దానిని ఆపును. అటుపై బండి బరువే దాని నచట నిలిపి యుంచును.

శ్రమ యెంతయో లెక్క వేయుదము. 190 కిలోల బరువు 3 సెంటీమీటర్లు పైకి లేచుననుకొనుడు. రాపిడిని విడిచినచో, ఆ పని 5.7 కిలోల బరువును ఒక మీటరు ఎత్తుటతో సమానము. అనగా సగము బక్కెట నీటిని అరుగుపై పెట్టుటకు మించినది కాదు.

ఇక విధానము. చదునైన గట్టి నేలను ఎన్నుకొనవలెను. ఇంజను ఆపి, గేరును న్యూట్రలులో ఉంచవలెను. బండికి ఎడమవైపున నిలిచి, ఎడమచేతితో హ్యాండిలును, కుడిచేతితో వెనుకనున్న పట్టుకమ్మిని పట్టుకొనవలెను. బండిని నిటారుగా నిలిపి, కుడికాలితో స్టాండును నేలకు ఆనించవలెను. పాదములు రెండును ఆనినవో లేవో బండిని మెల్లగా అటునిటు కదిపి తెలిసికొనవలెను. ముఖ్యమైన మెలకువ యిదియే. ఒక్క పాదమే ఆనినపుడు త్రొక్కినచో బండి ఒరగిపోవును. పిమ్మట శరీరపు బరువునంతను కుడికాలిపై మోపవలెను. చేతులు దారి చూపుటకే గాని ఎత్తుటకు గావు. నడుము వంచి లాగినచో నడుము పట్టును గాని బండి లేవదు.

కొన్ని జాగ్రత్తలు కలవు. జారుడు చెప్పులతో ఈ పని చేయరాదు. కాగిన సైలెన్సరును తాకరాదు. ముందు చక్రము పల్లమువైపు ఉండునట్లు నిలుపరాదు. ఏలయన బండి ముందుకు జరిగినచో స్టాండు మడిగిపోవును. మే నెల యెండలకు తారు మెత్తబడును. అట్టిచోట స్టాండు పాదముల క్రింద చదునైన చెక్కను ఉంచుట మేలు. బండిని దింపునపుడు ముందుగా ప్రక్క స్టాండును వాల్చి, బండిని మెల్లగా ముందుకు త్రోసి, చక్రములు నేలను తాకగనే ముందు బ్రేకును పట్టవలెను.

బాలబాలికలారా! గేర్లుగల మోటారు సైకిలు నడుపుటకు 18 ఏండ్లు నిండవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. అంతవరకు మీరు బండి నడుపరాదు. నిలిపిన బండిపైకి ఎక్కి ఆడుకొనరాదు. కాని మీ యింటి పెద్దలకు ఈ మెలకువను తెలుపవచ్చును. వీధి యొక్కరి సొత్తు కాదు. మనము దిగి వెడలిపోయిన పిమ్మట మన బండి ఇతరులకు హాని చేయకుండ నుండవలెను. బండిని సరిగా నిలుపుట దారిన పోవు వారి యెడల మనము చూపవలసిన మర్యాద.