బాస్ గిటార్‌కు ఎన్ని వాట్లు కావాలి?

సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలో ఉంది ఇచ్ఛాపూర్. నవరాత్రులు వచ్చాయంటే గుజరాత్‌లోని మిగతా ఊళ్లలాగే ఇక్కడా గర్బా సందడి. మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి సూరత్‌లో స్థిరపడిన కుటుంబాలకు దాదాపు అవే రోజుల్లో బతుకమ్మ. ఇలాంటి సంబరాల్లో బాస్ గిటార్ వాయించేవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. ఇంట్లో కిటికీలు అదిరేలా పలికిన యాంప్లిఫయర్, మైదానంలో డ్రమ్ముల పక్కన పెట్టగానే వినబడకుండా పోతుంది.

వాట్లు రెట్టింపు చేస్తే సరిపోతుందనుకుని చాలామంది డబ్బు వృథా చేసుకుంటారు. 100 వాట్లను 200 చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపైనట్టు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అంటే పదిరెట్ల శక్తి కావాలి!

పైగా బాస్ స్వరాలే ఖర్చుతో కూడుకున్నవి. నాలుగు తీగల బాస్‌లో అన్నిటికన్నా మందమైన తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఆ ధ్వని తరంగం పొడవు 8 మీటర్ల పైమాటే. ఇంత తక్కువ పౌనఃపున్యాలను మన చెవి సరిగా పట్టుకోలేదని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. స్పీకర్‌కూ శ్రమే. స్వరం ఒక స్థాయి కిందికి దిగితే, అదే ధ్వని పీడనం కోసం దాని కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కు 30, 50 వాట్లు చాలిన వేదికపై బాస్ 200, 300 వాట్లు అడిగేది ఇందుకే.

గదిలో గోడలు ధ్వనిని వెనక్కి పంపి సాయపడతాయి. ఆరుబయట ఆ సాయం ఉండదు, దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. ఒక వాట్‌కు మీటరు దూరంలో 97 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్‌కు 300 వాట్లు అందిస్తే మీటరు దగ్గర సుమారు 122 డెసిబెల్స్ వస్తాయి. 16 మీటర్ల అవతల మిగిలేది 98. అదే 100 వాట్లయితే 93. మూడింతల శక్తికి దక్కిన లాభం అయిదు డెసిబెల్స్!

అందుకే కొనేముందు వాట్ల అంకె కన్నా స్పీకర్ సున్నితత్వాన్ని చూడాలి. 97కు బదులు 100 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ దొరికితే సగం వాట్లతోనే పని జరుగుతుంది. ఓమ్‌లు కూడా గమనించాలి. 4 ఓమ్‌ల వద్ద 300 వాట్లని రాసి ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్, 8 ఓమ్‌ల స్పీకర్‌కు అంత ఇవ్వదు. చిన్న యాంప్లిఫయర్‌ను చివరిదాకా తిప్పితే తరంగ శిఖరాలు తెగి ధ్వని గరగరలాడుతుంది.

పెద్ద మైదానంలో అయితే జనానికి వినిపించే బాధ్యత సౌండ్ సిస్టమ్‌దే. డీఐ బాక్స్ ద్వారా బాస్ సంకేతాన్ని మిక్సర్‌కు పంపి, వేదికపై వాయించేవారు తమ స్వరం తాము వినడానికి 100-200 వాట్ల పెట్టెను స్టూలుపై చెవికి దగ్గరగా పెట్టుకుంటే చాలు. మోయడమూ తేలిక. అయితే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పగటిపూట నివాస ప్రాంతంలో, లౌడ్‌స్పీకర్ వాడే బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం 65 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి 10 తర్వాత, పండుగలకు ప్రభుత్వం సడలింపు ఇచ్చిన రోజుల్లో తప్ప, ఆరుబయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు.