పగుళ్లలో చమురు: కొద్దిపాటి లెక్కలతో రాయి రకం ఎలా తేలుస్తారు?

1927 అక్టోబరులో ఇరాక్‌లోని కిర్కూక్ దగ్గర, బాబా గుర్‌గుర్ బావి నుంచి చమురు అదుపు తప్పి పైకి చిమ్మింది. కింద ఉన్న సున్నపురాయి నిండా పగుళ్లే. చమురుకు అవే దారి. మన దేశంలో ముంబై హై, కావేరి బేసిన్‌లలోనూ అడుగు శిలల పగుళ్లలో చమురు దొరికింది.

అయితే లాభం తెచ్చే పగుళ్లే నష్టమూ తెస్తాయి. చమురును నెట్టడానికి పంపిన నీరు పగుళ్ల వెంట నేరుగా బావిలోకి వచ్చేస్తుంది. చమురేమో రాతిలోనే ఉండిపోతుంది. అందుకే ముందు రాయి రకం తెలియాలి.

నాలుగు రకాలు

రొనాల్డ్ నెల్సన్ అనే భూగర్భ శాస్త్రవేత్త వీటిని నాలుగుగా విభజించారు. మొదటి రకంలో చమురు నిల్వ, ప్రవాహం రెండూ పగుళ్లలోనే. రెండో రకంలో నిల్వ రాతిలో, ప్రవాహం పగుళ్లలో. మూడో రకంలో రాయే చమురును వదులుతుంది, పగుళ్లు తోడ్పడతాయి. నాలుగో రకంలో పగుళ్లు అదనంగా ఇచ్చేదేమీ లేదు, ఒక్కోసారి అడ్డుగోడలవుతాయి.

సమాచారం ఎందుకు తక్కువ?

ఒక్కో బావికి కోట్లలో ఖర్చు. పైకి తీసే రాతి నమూనా కొన్ని అంగుళాల వెడల్పే. పైగా నిలువు బావికి నిలువు పగుళ్లు తగలడం అరుదు. అంటే నమూనాలో పగుళ్లు లేవంటే కింద లేవని కాదు.

లెక్క ఇలా

ముందుగా రకం తెలిసిన క్షేత్రాల అంకెలు తీసుకుంటారు. రాతిలో ఖాళీ ఎంత? నమూనాలో ప్రవాహ సామర్థ్యం ఎంత? బావి పరీక్షలో ఎంత? నమూనా కంటే బావిలో అది ఎన్నో రెట్లు ఎక్కువుంటే, పని చేస్తున్నవి పగుళ్లేనని అర్థం.

ఈ అంకెలతో రకాల మధ్య గీత గీసే పద్ధతే డిస్క్రిమినెంట్ అనాలిసిస్. 1936లో ఫిషర్ దీన్ని పూల కొలతలపై చూపించారు. కామర్స్ చదివినవారికి ఇది కొత్త కాదు. 1968లో ఆల్ట్‌మన్ 66 కంపెనీల లెక్కలతో దివాలాను అంచనా వేసింది ఈ పద్ధతితోనే.

జాగ్రత్త ఎక్కడ?

ఉన్నవి పదిహేను క్షేత్రాలైతే పది కొలతలు వాడకూడదు. పాత లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, కొత్త క్షేత్రం దగ్గర తప్పుతుంది. అందుకే ఒక్కో క్షేత్రాన్ని పక్కన పెట్టి, మిగతావాటితో దాని రకం చెప్పించి చూస్తారు. ఎన్నిసార్లు తప్పిందో అదే పద్ధతికి అసలు మార్కు.

జవాబు కూడా 'రెండో రకం' అని తేల్చి చెప్పకుండా, అవకాశం ఎంతో శాతాల్లో చెప్పాలి. 90 శాతమైతే ముందుకెళ్లొచ్చు. 55 శాతమే వస్తే, నీరు పంపే ముందు ఇంకో బావి పరీక్ష చేయడమే చవక.